గడపకు జానెడు ఇవతల

మునివేళ్ళ మీద లేచి, ఎడమ చేత్తో తలుపును నొక్కిపట్టి, కుడిచేత్తో పైగడియను తోసింది కాశమ్మ. ఎండకు చెక్క ఎండి తలుపు వంకర తిరిగింది. గట్టిగా నొక్కితే తప్ప గడియ పడదు. రోజూ చేసే పనే. ఈవేళ మాత్రం చెయ్యి పైకెత్తగానే రొమ్ము ఎముక వెనక ఎవరో పిడికిలి బిగించినట్టయింది. చెయ్యి దించి, తలుపుకు నుదురు ఆనించి నిలబడింది. కాసేపటికి పిడికిలి వదిలింది.

"అవ్వా, కోతీ?" వెనకనుంచి సింధు అడిగింది.

"పోయింది బిడ్డా. గడియ ఏసిన. ఇగ రాదు."

నాగర్‌కర్నూల్ చివర, కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో ఆఖరిది ఆ ఇల్లు. ఆ పక్కన ఖాళీ ప్లాట్లు, తుమ్మచెట్లు, వాటి మీద కోతులు. కాలనీలో ప్రతి కిటికీకీ చువ్వలు, చువ్వల మీద జాలీలు. పగలంతా మనుషులు తలుపులు బిగించుకుని బోనుల్లో ఉంటే, కోతులు మేడల మీద దర్జాగా తిరుగుతాయి. "అవీ నేనూ ఒక్క తానకెల్లే వచ్చినం, నల్లమల కెల్లి. వాటిని ఉరికిస్తరు, నాకు జీతమిస్తరు," అని కాశమ్మ తనే చెప్పి తనే నవ్వుతుంది.

తలుపుకు కింద కూడా ఒక గడియ ఉంది. దాన్ని తీయడం సింధు పోయిన నెలలో నేర్చుకుంది. నేర్చుకున్న రోజే బయటపడి సందు చివరి రోడ్డు దాకా పరుగెత్తింది. ట్రాక్టరు వాడు బ్రేకు తొక్కి, బండబూతులు తిట్టాడు. ఆ తిట్లు కాశమ్మకు దీవెనల్లా వినిపించాయి. అప్పటినుంచి పైగడియే వేస్తున్నారు. పిల్ల తల్లిదండ్రులు వనజ, రవి పనులకు వెళ్ళాక, ఆ ఇంట్లో ఆ గడియ అందే చెయ్యి కాశమ్మది ఒక్కటే.

ఆమె మనిషి పొట్టి. నెరిసిన జుట్టును గట్టిగా లాగి చిన్న ముడి వేసుకుంటుంది. ముంజేతుల మీద పచ్చబొట్లు చర్మం ముడతల్లో కలిసిపోయాయి. చెప్పులెరగని కాలం ఎక్కువ గనక కాలి వేళ్ళు ఒకదానికొకటి దూరంగా విచ్చుకుని ఉంటాయి. నవ్వితే పైవరసలో ఖాళీ కనిపిస్తుందని చేతిని అడ్డం పెట్టుకోవడం అలవాటు. పిల్లల ముందు మాత్రం ఆ అడ్డం ఉండదు.

పొద్దున వనజ ఆఫీసుకు బయల్దేరుతూ చెప్పిపోయింది. ఆమెది పక్క మండలంలో గుమస్తా ఉద్యోగం. రవి వేరుశనగ విత్తనాల వ్యాపారి. అతను తెల్లవారకముందే కల్వకుర్తి దారి పట్టాడు.

"కాశమ్మా, ఈయాల కొత్త ఆట. ఫోన్ల జూసిన. ఒక గిన్నెలకెల్లి ఇంకో గిన్నెల గింజలు పొయ్యాలె. రంగురంగులయి ఏరి వేరువేరుగ పెట్టాలె. పాప వేళ్ళకు మంచిదంట."

"సరే అమ్మా."

"మొగమేంది గట్లుంది? రాత్రి నిద్ర పోలేదా?"

"ఎండ గదా. జర పైత్యం జేసింది."

అబద్ధం కాదు, నిజమూ కాదు. నిన్న మెట్లెక్కుతుంటే ఎడమ దవడ లాగింది. రాత్రి వాము నమిలింది. అడవిలో ఉన్నప్పుడు ఏ నొప్పికైనా వామే, తగ్గకపోతే మొక్కు. పైత్యమే అయ్యుంటుందని ఆమె కూడా నమ్మింది. నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. పోయిన నెలలో తనకు జ్వరం వస్తే వనజ సెలవు పెట్టాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాలు సింధును చిన్నపిల్లల బడిలో వేసే సంగతి మాట్లాడుకున్నారు. జూన్ నుంచి పంపిద్దామా అని రవి అన్నాడు. ఒంట్లో బాగాలేదని మళ్ళీ చెబితే వనజ కోప్పడే మనిషి కాదు. అదే కాశమ్మ భయం. కోప్పడకుండా, "ఇగ ఇంటికాడుండి ఆరాం చెయ్యి కాశమ్మా," అంటుంది. ఇంటికాడ ఏముంది? రేకుల గది, ఒక కుండ, గోడకు పోయిన మొగుడు ముత్తయ్య ఫొటో. ఇక్కడైతే పొద్దున తలుపు తీయగానే కాళ్ళకు చుట్టుకునే పిల్ల ఉంది.

గింజల ఆట మొదలైంది. గిన్నెలోంచి గిన్నెలోకి పోయడం, మంచివీ చెడ్డవీ ఏరడం ఆట అని కాశమ్మకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. బతుకంతా దాన్ని పని అనుకుంది. ఆ మాట తలచుకుని కాసేపు నవ్వుకుంది. చింతగింజలు మాత్రం ఇవ్వలేదు. రెండేళ్ళ పిల్ల చేతికి గింజ దొరికితే అది ముక్కులోకి పోతుంది, లేకపోతే గొంతులోకి. బుట్టలోంచి తెల్ల ఉల్లిగడ్డలు, టమాటాలు తీసి నేలమీద కుమ్మరించింది. ఎర్రవి ఈ గంపలో, తెల్లవి ఆ గంపలో. సింధు ఒక్కొక్కటే రెండు చేతులతో పట్టుకుని, పొట్టకు ఆనించుకుని మోసింది. ఎర్రదాన్ని తెల్లవాటిలో వేసి, కాశమ్మ కళ్ళలోకి చూసి కిలకిలా నవ్వింది. కావాలనే వేసింది, గడుసుది.

"నీ తెలివి గుట్టంత. తియ్యి, తియ్యి."

ఓ టమాటా కొరికింది. రసం గౌను మీద కారింది. మేడమీద ఏదో దూకినట్టు దబ్బుమంది. తర్వాత ఇంకోటి. కిటికీ జాలీకి అవతల ఒక ముఖం వచ్చి నిలిచింది. ఒక చెవి సగం చిరిగిన ముసలి కోతి, గంపలోని టమాటాల వంక చూస్తోంది. కాశమ్మ మూలనున్న కోతుల కట్టె తీసి చువ్వ మీద కొట్టింది. కోతి ఒక్కడుగు మాత్రమే వెనక్కి జరిగింది. మనుషులు లోపల ఉన్నారని, తలుపు తీయరని దానికి బాగా తెలుసు.

తర్వాతిది గుహ ఆట. మంచానికి రెండువైపులా దుప్పట్లు వేలాడదీసి, కిందికి దూరాలి. ఇది కాశమ్మ సొంత ఆట, ఫోనులో లేదు. సింధు ముందు పాకింది, వెనక కాశమ్మ. లోపల చీకటి, చల్లదనం, పాపకు పూసిన కొబ్బరినూనె వాసన. మోచేతుల మీద పాకుతుండగా పిడికిలి మళ్ళీ బిగిసింది. ఈసారి వదలలేదు. వీపులోకి, ఎడమ భుజంలోకి దిగి, చిటికెనవేలి దాకా పాకింది. ఒళ్ళంతా ఒక్కసారి చెమట పట్టింది. నేల బండ మీద చెంప ఆనించి పడుకుంది. సింధు ఆమె ముక్కు పట్టుకుని లాగింది.

"అవ్వా, లే. గుహ."

"లేస్త బిడ్డా. జర ఆగు."

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. నేనిప్పుడు ఇక్కడే పోతే? చీకటికి గానీ వనజ రాదు. పొయ్యి మీద పాలగిన్నె ఉంది. స్నానాల గదిలో బకెట్టు నిండా నీళ్ళున్నాయి. పిల్ల వంగితే తల అందులోకి పోతుంది. తలుపుకు పైగడియ ఉంది. లోపల ఏడ్చి ఏడ్చి... ఆపైన తలచుకోలేకపోయింది. చావంటే ఆమెకు అంత బెరుకు లేదు. ముత్తయ్య అడవిలో నిప్పు కాపలాకు పోయి, జ్వరంతో తిరిగొచ్చి, తన ఒళ్ళోనే పోయాడు. కానీ ఈ బోనులో, ఈ పిల్లను ఒంటరిగా వదిలి పోవడం ఆమె వల్ల కాదు.

నొప్పి కొంచెం సడలగానే లేచింది. పొయ్యి ఆర్పి, సిలిండరు మూత తిప్పింది. బకెట్టును కాలితో తోసి నీళ్ళు ఒలకబోసి, స్నానాల గది తలుపుకు బయటి గొళ్ళెం పెట్టింది. ఒక చెంబుతో నీళ్ళు, పళ్ళెంలో పెరుగన్నం తెచ్చి కిటికీ కింద పెట్టింది. ఇవన్నీ చేసి, ఆయాసపడుతూ కూర్చుని, తనను తనే తిట్టుకుంది. "పైత్యానికి ఇంత పరేషానా, ముసల్దానా."

సింధుకు రెండు ముద్దలు పెట్టి పండుకోబెట్టాలని చూసింది. పిల్ల పండుకోలేదు. పండుకుంటే వనజకు ఫోను చేయాలి. దానికొక ఏర్పాటు ఉంది. కాశమ్మ డబ్బా ఫోనులో పచ్చ మీట నొక్కితే వనజకు పోతుంది. ఒక్క రింగు మోగించి ఆపేస్తే పాప పండుకుందని అర్థం. వనజ ఎత్తక్కర్లేదు. మాట్లాడాల్సిన పని పడితే ఆపకుండా మోగించాలి. ఈ ఏడాదిలో ఆపకుండా మోగించింది ఒక్కసారే, ట్రాక్టరు రోజున.

"పండుకునే ఆట," అంది సింధు. అంటే పండుకునేది కాశమ్మ. ఆమె చాప మీద వెల్లకిలా పడుకుంటే, సింధు తువ్వాలు తెచ్చి కాళ్ళనుంచి గడ్డం దాకా కప్పుతుంది. వేలు పెదవుల మీద పెట్టుకుని "చుప్" అంటుంది. చాలాసేపు, అంటే పిల్ల ఓపిక పట్టినంతసేపు, కాశమ్మ కదలకూడదు. ఆపైన ఒక్కసారి నెమలిలా కూయాలి. అచ్చంగా కూస్తుంది కాశమ్మ. కూత వినగానే సింధు అరుస్తూ ఆమె పొట్ట మీద పడుతుంది. తెల్లారిందన్నమాట. అదీ ఆట.

ఒకసారి ఆడారు. నెమలి కూసింది, బలహీనంగా. "మల్లీ," అంది సింధు.

మళ్ళీ పడుకోబోతుండగా మూడోసారి వచ్చింది. ఇది పిడికిలి కాదు, గుండె మీద రోలు పెట్టినట్టుంది. కాశమ్మకు ఇంక సందేహం మిగల్లేదు. రొంటిలోంచి ఫోను తీసి పచ్చ మీట నొక్కింది. చెవిలో ఒక రింగు మోగింది. వేళ్ళలో పట్టు పోయింది. ఫోను బండ మీద పడి, వెనక మూత ఒక దిక్కుకు, బ్యాటరీ మంచం కిందికి ఎగిరిపోయాయి. సింధు చప్పట్లు కొట్టింది.

ఒక్క రింగు పోయింది. పాప పండుకుందనుకుంటుంది వనజ. నిమ్మళంగా పని చూసుకుంటుంది. ఇంక ఫోను చేయదు, పిల్ల లేస్తుందని. ఇది తెలియగానే కాశమ్మకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు.

తలుపు దగ్గరికి పాకింది. చెయ్యి పైకి లేవలేదు. కోతుల కట్టెను రెండు చేతులతో పట్టుకుని, దాని కొసతో గడియను పొడిచింది. జారిపోయింది. తలుపుకు భుజం ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా వేసి మళ్ళీ పొడిచింది. గడియ కదిలింది. వంకర తలుపు తనంతట తనే జానెడు తెరుచుకుంది. ఎండ, వేడిగాలి లోపలికొచ్చాయి. సందులో నరపురుగు లేదు. ఎదురింటి సావిత్రమ్మ తలుపు మూసి ఉంది. ఆమె కూలరు రొద ఇక్కడికి వినిపిస్తోంది. "సావిత్రమ్మక్కా," అని పిలిచింది కాశమ్మ. ఆ పిలుపు తనకే సరిగా వినపడలేదు.

ఆమె చంక కిందనుంచి సింధు దూరి, గడప మీద కాలు పెట్టింది. సందు చివర లారీ హారను మోగింది.

కాశమ్మ పిల్ల గౌను పట్టుకుని లాగింది. తలుపు మూస్తే ఎవరూ రారు. తెరిచి ఉంచితే పిల్ల రోడ్డు మీద ఉంటుంది. ఆమె కళ్ళు ఇల్లంతా వెతికాయి. తర్వాత గూట్లో తన సద్ది డబ్బా కనిపించింది. డబ్బాకు చుట్టి ఉన్న పాత చీర పేలిక కనిపించింది.

ఆ పేలికకు ఈ ఇంట్లో ఒక కథ ఉంది. అడవిలో తునికాకు కోయడానికి పోయేటప్పుడు చంటిపిల్లలను గుడిసె నడిమి గుంజకు చీర పేలికతో కట్టిపోతారు. కాశమ్మ కూతురు మాధవి అట్లాగే పెరిగింది. ఈ ఇంట్లో చేరిన మొదటివారం, కూర వండుతూ, సింధును కిటికీ చువ్వకు అట్లాగే కట్టింది. అప్పుడే ఇంటికొచ్చిన వనజ చూసి గుమ్మంలోనే ఏడ్చేసింది. పిల్ల నడుముకు ఎర్రటి చార కూడా పడింది. "గొడ్డును కట్టినట్టు కడుతరా కాశమ్మా? ఇంకోసారి కట్టకు." "మల్ల కట్టనమ్మా," అంది కాశమ్మ. ఆ మాట తప్పలేదు. పేలికను సద్ది మూటకు వాడుకుంది.

ఇప్పుడు దాన్ని పళ్ళతో లాగి విప్పింది. "నువ్వు ఎద్దువంట. నేను బండి కడుత. నిలబడు."

సింధుకు ఇది కొత్త ఆట. చేతులెత్తి నిలబడింది. పిల్ల నడుము చుట్టూ తన చేతిగుడ్డను మడిచి మెత్తగా పెట్టి, దాని మీద పేలిక చుట్టి, పిల్ల చేతికి అందకుండా వీపు వైపు ముడి వేసింది. రెండో కొసను చువ్వ చుట్టూ తిప్పింది. పిల్లను గడప దాకా నడిపించి, ఒకసారి వెనక్కి లాగి చూసి, పేలిక పొడుగు కొంత తగ్గేలా ఇంకో చుట్టు తిప్పింది. కళ్ళు సరిగా ఆనడం లేదు. కొలత అంతా వేళ్ళకే తెలుసు. చెంబు అందాలి, పళ్ళెం అందాలి. వంటగది అందకూడదు, గడప అందకూడదు. ముడి బిగించాక, వనజ కళ్ళల్లో నీళ్ళు గుర్తొచ్చాయి. రాగానే తిట్టాలి ఆమె. తిడితే బాగుండు.

"తిట్టు బిడ్డా," అంది పైకే.

కిటికీ కింద చాప మీద ఒరిగింది. ఎద్దు రెండుసార్లు అటూ ఇటూ లాగి, విసుగెత్తి, ఆమె దగ్గరకొచ్చింది. తువ్వాలు తెచ్చింది. కాళ్ళనుంచి గడ్డం దాకా కప్పింది.

"చుప్. పండుకో."

కాశమ్మ పిల్ల ముఖం వంక చూస్తూనే ఉంది, చూడగలిగినంతసేపు. ఆ తర్వాత కళ్ళు మూసింది. సింధు పక్కన కూర్చుని నెమలి కోసం చెవులు రిక్కించింది. నెమలి కూయలేదు.

చాలాసేపటికి కాలనీలో కరెంటు పోయింది. కూలరు ఆగిపోయేసరికి సావిత్రమ్మకు మెలకువ వచ్చింది. కొంగుతో విసురుకుంటూ బయటికొచ్చి చూస్తే, ఎదురింటి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద చెవి చిరిగిన కోతి కూర్చుని టమాటా తింటోంది. లోపలికి ఇంకోటి తొంగి చూస్తోంది. ఆమె కట్టె పట్టుకుని కేకలేస్తూ సందు దాటింది.

"కాశమ్మా! ఓ కాశమ్మా! తలుపు తెరిశి పెట్టి యాడ సచ్చినవే? కోతులు సొచ్చినయ్!"

కోతులు దూకి పోయాయి. లోపల సింధు, ముఖమంతా పెరుగు, గోడకు ఆనుకుని వెక్కుతోంది. నడుముకు పేలిక. చాప మీద తువ్వాలు కప్పుకుని కాశమ్మ.

"పిల్లను లేగదూడ లెక్క కట్టేసి హాయిగ పండుకున్నవా? ఉండు, వనజ రానీ, చెప్త నీ సంగతి!"

"చుప్," అంది సింధు వెక్కిళ్ళ మధ్య. "అవ్వ పండుకుంది. కూస్తలేదు."

సావిత్రమ్మ వంగి, భుజం పట్టుకుని ఊపింది. తర్వాత కట్టెను మెల్లగా నేలమీద పెట్టింది.

సావిత్రమ్మ ఫోను అందుకుని వనజ ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గుమ్మం నిండా జనం. పిల్ల ఇంకా పేలికతోనే ఉంది. ఆ ముడి ఎవరి వేళ్ళకూ లొంగలేదు. వనజ పిల్లను గుండెలకు అదుముకుంది, చెయ్యి పేలికకు తగిలింది. "కట్టొద్దని చెప్పిన గదా కాశమ్మా," అంది. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అని, బావురుమంది. "ఒక్క రింగే వచ్చింది అక్కా. పాప పండుకుందనుకున్న. చాయ్ తాగిన నేను. చాయ్ తాగుకుంట కూసున్న."

కత్తెరతో పిల్ల నడుము దగ్గర కోశారు. కింద మడిచి పెట్టిన గుడ్డ ఊడి పడింది. ఈసారి నడుము మీద చార లేదు.

సాయంత్రం అచ్చంపేట నుంచి మాధవి వచ్చింది. తల్లి పక్కన కూర్చుని గట్టిగా ఏడ్చి, లేచి, కిటికీ చువ్వకున్న ముడిని చూసి ఆగిపోయింది. దాన్ని వేలితో తడిమింది.

"మా అమ్మ ముడే. నన్ను గూడ గిట్లనే కట్టేది," అంది. తెగిన కొసను పట్టుకుని వంటగది వైపు లాగింది, గుమ్మం దగ్గర ఆగింది. వీధి తలుపు వైపు లాగింది, గడప ముందు ఆగింది. "పొయ్యి కాడికి పోదు, గడప దాటదు. గట్ల కొలుస్తది." ఎవరినీ తప్పు పట్టలేదు. పేలికను నేలమీద వదిలి, తల్లి కాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

చీకటి పడకముందే కాశమ్మను బండిలో నల్లమల వైపు తీసుకుపోయారు. వనజ వెంట పోయింది.

వారం తర్వాత రవి ఇల్లు కడిగించాడు. మంచం కింద దొరికిన బ్యాటరీని మాధవికి పంపించారు. పైగడియ పీకించి, బయటనుంచి కూడా తెరుచుకునే తాళం పెట్టించారు. సింధు రోజూ ఒకసారి చాప మీద తువ్వాలు పరిచి, పక్కన కూర్చుని, వేలు పెదవుల మీద పెట్టుకుంటుంది. ఎవరు పిలిచినా లేవదు. కిటికీ చువ్వకున్న పేలికను విప్పమని రవి రెండుమార్లు చెప్పాడు. వనజ ఊఁ అంటుంది, విప్పదు. తలుపు తీసినప్పుడల్లా గాలికి ఆ పాత చీర పేలిక బండ మీద పాకుతూ వచ్చి, గడపకు జానెడు ఇవతల ఆగుతుంది.